వేరుకు అందని భాస్వరం, శిలీంధ్రం చేసే రవాణా

మొక్క తన వేళ్ళ ద్వారా నేలలోని నీటిని, లవణాలను గ్రహిస్తుందని మనమందరం చిన్న తరగతులలోనే చదువుకొన్నాం. ఆ వాక్యం తప్పు కాదు. కాని పొలంలో పెరిగిన జొన్న మొక్కనో, మొక్కజొన్ననో జాగ్రత్తగా పెకలించి, వేళ్ళను కడిగి, రంగు వేసి సూక్ష్మదర్శిని క్రింద పరిశీలిస్తే, ఆ వాక్యం సగమే చెప్పిందని తెలుస్తుంది. వేరు కణాలలోనూ, వేరు చుట్టూ ఉన్న మట్టిలోనూ మరొక జీవి కాపురమున్నది. అది ఒక శిలీంధ్రం. మొక్కకు చేరే భాస్వరంలో చాలా భాగం ఆ శిలీంధ్రం చేతి మీదుగా రావచ్చు.

ఈ విషయాన్ని వ్రాయడానికి మమ్మల్ని పురికొల్పినవాడు మా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు. తొలకరి రోజులలో అతడు తరగతికి ఒక పొట్లం తెచ్చాడు. "మా నాయన కొన్నాడు సార్, దీన్ని చల్లితే డి.ఏ.పి. మానవచ్చునా?" అని అడిగాడు. అది వేరు శిలీంధ్రపు సిద్ధబీజాలు కలిపిన పొడి. "నేలలో బిగుసుకుపోయిన భాస్వరాన్ని కరిగించి పంటకు ఇస్తుంది" అని పొట్లం మీద అచ్చు వేసి ఉన్నది. ఒక బస్తా ఎరువు ఖరీదు మీద నిర్ణయం తీసుకోవలసిన కుటుంబం అది. కనుక ఆ ప్రశ్నకు ఔననో కాదనో ఒక్క మాటలో చెప్పి పంపడం మాకు న్యాయమనిపించలేదు. శిలీంధ్రం భాస్వరాన్ని ఎక్కడినుండి తీసుకొంటుంది, ఏ రూపంలో దాచుకొంటుంది, ఎలా మోస్తుంది, ఏ ప్రతిఫలం పుచ్చుకొని మొక్కకు అప్పగిస్తుంది అన్నది తెలిస్తే గాని ఆ పొట్లం మీది వాక్యాన్ని పరీక్షించలేము.

ముందుగా నేల సంగతి. యాభై కిలోల డి.ఏ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలు, ఫాస్ఫేటు 23 కిలోలు ఉంటాయి. ఇందులో నత్రజని నీటితో కదులుతుంది. భాస్వరం అలా కదలదు. నల్లరేగడిలో అది కాల్షియంతో కలిసి బిగుసుకొంటుంది. మన తెలంగాణ ఎర్ర చెల్కలలో ఇనుము, అల్యూమినియం సమ్మేళనాలు దానిని పట్టి ఉంచుతాయి. వేసిన భాస్వరంలో ఆ ఏటి పంటకు దక్కేది సాధారణంగా నాలుగవ వంతు లోపే. ఒక లీటరు నేలనీటిని పరీక్షిస్తే అందులో కరిగి ఉన్న భాస్వరం సాధారణంగా ఒక మిల్లీగ్రాములో మూడవ వంతు కూడా ఉండదు. మొక్క కణంలోనో, అంతకు దాదాపు వేయి రెట్లు గాఢత ఉంటుంది.

పైగా ఫాస్ఫేటు అయానులు మట్టిలో బహు మందంగా వ్యాపిస్తాయి. వేరు తన చెంతనున్న ఫాస్ఫేటును కొద్ది రోజులలోనే పీల్చివేస్తుంది. దూరాన ఉన్నది ఆ ఖాళీని పూరించడానికి రాలేదు. అందుచేత వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర భాస్వరం లేని ఒక వలయం ఏర్పడుతుంది. నిండు చెరువు నడుమ దాహంతో నిలిచినవాని స్థితి వేరుకు కలుగుతుంది. మూలకేశాలు ఆ వలయంలోనే ఉంటాయి గాని దానిని దాటి వెళ్ళలేవు.

శిలీంధ్రం దాటి వెళ్తుంది. దాని తంతువు వ్యాసం ఒక మిల్లీమీటరులో వందవ వంతుకు లోపే. మట్టిరేణువుల మధ్య వేరు దూరలేని సందులలో అది దూరుతుంది. అంతటి సన్నని తంతువును నిర్మించడానికి అయ్యే ఖర్చు, అదే పొడవు గల వేరును నిర్మించడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే స్వల్పం.

ఈ సహజీవనానికి 'మైకోరైజా' అని పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్. అది 1885లో. విచిత్రమేమంటే, ప్రష్యా ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పని వేరు. భోజనప్రియులు మెచ్చే 'ట్రఫుల్' అనే భూగర్భ శిలీంధ్రాన్ని సాగు చేసే మార్గం కనుగొనమన్నారు. సాగు మార్గం దొరకలేదు గాని, అడవి చెట్ల వేళ్ళకు శిలీంధ్రం తొడుగులా చుట్టుకొని ఉండటం, దానివల్ల చెట్టుకు హాని కాక మేలు జరగడం ఆయన గమనించాడు. ఆనాడు ఈ భావాన్ని ఆక్షేపించినవారే ఎక్కువ.

పైన్, బీచ్ వంటి అడవి చెట్లలో శిలీంధ్రం ఇలా వేరు పైనే తొడుగు కడుతుంది. పంట మొక్కలలో అధిక భాగం రెండవ తెగ శిలీంధ్రాలకు ఆతిథ్యమిస్తాయి. ఇవి వేరు వల్కలకణాల లోపలికి చొచ్చుకొనిపోయి, చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలు కొమ్మలుగా చీలుతాయి. ఆ నిర్మాణానికి 'ఆర్బస్క్యూల్' అని పేరు. స్కాట్లాండులోని రైనీ గ్రామం వద్ద దొరికిన, సుమారు 40 కోట్ల సంవత్సరాల నాటి శిలాజ మొక్కలలో కూడా ఈ కొమ్మలు స్పష్టంగా కనిపించినట్లు 1994లో ప్రకటించారు. ఆ మొక్కలకు నిజమైన వేళ్ళే లేవు. అంటే వేరు కంటే వేరు శిలీంధ్రమే పాతదన్నమాట. జొన్న, సజ్జ, మొక్కజొన్న, కంది, వేరుశనగ, మిరప, ఉల్లి అన్నీ ఈ స్నేహానికి ఒప్పుకొన్నవే. ఆవ, ముల్లంగి, క్యాబేజీ కుటుంబం మాత్రం ఒప్పుకోదు. తోటకూర, పాలకూరలు కూడా సాధారణంగా దూరంగానే ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న. శిలీంధ్రం ఉన్న మొక్కలో భాస్వరం ఎక్కువగా ఉన్నదని తేలినంత మాత్రాన, దానిని మోసుకొచ్చింది శిలీంధ్రమేనని ఎలా చెప్పగలం? శిలీంధ్రం వల్ల వేరు బలపడి, వేరే స్వయంగా ఎక్కువ పీల్చి ఉండవచ్చు గదా! ఈ సందేహం తీరడానికి రేడియోధార్మిక భాస్వరం కావలసివచ్చింది. భాస్వరం-32 యొక్క అర్ధజీవితకాలం సుమారు 14 రోజులు. రసాయనికంగా మామూలు భాస్వరానికి దానికి భేదం లేదు, కాని అది ఎక్కడున్నా ఉనికిని చాటుకొంటుంది. 1973లో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో హాటింగ్, గ్రే, గెర్డెమన్ అనే శాస్త్రజ్ఞులు ఉల్లి మొక్క వేరుకు 27 మిల్లీమీటర్ల దూరంలో, అంటే వేరు స్వయంగా అందుకోలేని చోట, ఈ భాస్వరాన్ని ఉంచారు. శిలీంధ్రం ఉన్న వేళ్ళలోకి అది చేరింది. శిలీంధ్రం లేని వేళ్ళలోకి చేరలేదు. మధ్యలో తంతువులను కోసివేస్తే శిలీంధ్రమున్న మొక్కకు కూడా రాక ఆగిపోయింది. ఒక కత్తివేటుతో వాదం ముగిసింది. ప్రయోగమంటే ఇలా ఉండాలని మేము విద్యార్థులకు తరచు చెబుతుంటాము.

పొట్లం మీది వాక్యాన్ని తూచే ప్రయోగం మరొకటి ఉన్నది. 1970 దశకపు తొలి సంవత్సరాలలో ఇంగ్లండులో శాండర్స్, టింకర్‌లు, రాథమ్‌స్టెడ్‌లో హేమన్, మాస్‌లు దీనిని వేర్వేరుగా చేశారు. దాని తర్కాన్ని ఇలా ఊహించుకోవచ్చు. ఒక బావిలో రంగు కలిపారు. ఇద్దరు ఆ బావి నీళ్ళే తోడుకొన్నారు. ఒకరు రెండు కడవలు, మరొకరు పది కడవలు తోడుకోవచ్చు, కాని కడవలలోని రంగు ఛాయ ఒక్కటే. రెండవ మనిషి ఎవరికీ తెలియని మరొక బావి నుండి కూడా నీళ్ళు తెచ్చి కలిపితే, అతని కడవలో రంగు పలచబడుతుంది. ఇక్కడ రంగు అంటే రేడియో భాస్వరం. నేలలో సులభంగా కదిలే ఫాస్ఫేటుతో దానిని కలిపి ఉంచుతారు. బిగుసుకుపోయిన ఫాస్ఫేటులో ఆ గుర్తు ఉండదు. శిలీంధ్రం నిజంగా బిగుసుకుపోయిన దానిని కరిగించి తెస్తున్నట్లయితే, ఆ మొక్క భాస్వరంలో గుర్తు పలచబడి తీరాలి.

పలచబడలేదు. శిలీంధ్రమున్న ఉల్లి ఎంతో ఎక్కువ భాస్వరం తీసుకొన్నది, కాని ఛాయ మాత్రం శిలీంధ్రం లేని ఉల్లిలో ఉన్నదే. రెండూ ఒకే బావి నుండి తోడుకొన్నాయి. ఒకదానికి చేంతాడు పొడవు, అంతే భేదం. మట్టిలోని సేంద్రియ భాస్వరాన్ని కొంతవరకు విడగొట్టే ఎంజైములు ఈ శిలీంధ్రాలకు ఉన్నాయని తరువాతి పరిశోధనలు చూపిన మాట వాస్తవం. అయినా వీటి ప్రధాన వృత్తి రవాణాయే గాని కరిగించడం కాదు. ఆ రెండు మాటల భేదం ఎంత పెద్దదో ఎరువు కొనేవానికి తెలియాలి.

శిలీంధ్రం లోపల భాస్వరం ఏమవుతుందన్నది దీని తరువాత తలెత్తిన ప్రశ్న. మా అభిరుచికి ఈ విషయమంతటిలో అతి రమ్యమైన భాగం ఇదే. మట్టిలోని తంతువు ఉపరితలంలో ఫాస్ఫేటును లోనికి లాగే రవాణా ప్రోటీను ఉన్నదని, దాని జన్యువును మరియా హారిసన్, వాన్ బ్యూరెన్‌లు 1995లో మొదటిసారిగా గుర్తించారు. లోపలికి వచ్చిన ఫాస్ఫేటును అలాగే విడివిడిగా పోగు చేస్తే కణంలో ద్రవాభిసరణ పీడనం పెరిగి కణానికే ముప్పు. కనుక శిలీంధ్రం ఒక ఫాస్ఫేటును మరొక ఫాస్ఫేటుతో గొలుసుగా కూర్చుతుంది. పదులు మొదలు వందల దాకా కడియాలున్న ఈ గొలుసులకు 'పాలిఫాస్ఫేటు' అని పేరు. ఆకలిగొన్న తంతువులకు ఫాస్ఫేటు అందిస్తే, కొన్ని గంటలలోనే ఈ గొలుసులు పేరుకొంటాయి. కడియానికి కడియానికి మధ్యనున్న బంధం ఏ.టి.పి.లోని శక్తిబంధం వంటిదే. ఈ గొలుసులను కణంలోని రిక్తికలలో నింపి, పొటాషియం, మెగ్నీషియం వంటి ధనావేశ అయానులను తోడుగా ఉంచుతుంది.

ఇక్కడ శాస్త్రంలో జరిగిన ఒక పొరపాటును చెప్పక తప్పదు. 1970 దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన చిత్రాలలో రిక్తికలలో నల్లని గుండ్రని రేణువులు కనిపించాయి. తంతువు లోపలి ప్రవాహం ఈ పాలిఫాస్ఫేటు రేణువులను మూటలవలె మోసుకొని వేరుకు చేరుస్తుందని చాలాకాలం బోధించారు. 1993లో ఆస్ట్రేలియాలో ఆర్లోవిచ్, ఆష్‌ఫర్డ్‌లు అడవి చెట్ల వేరు శిలీంధ్రాన్ని రసాయనాలలో ముంచకుండా, ఒక్కసారిగా గడ్డకట్టించి పరిశీలించారు. రేణువులు లేవు! పాలిఫాస్ఫేటు రిక్తిక అంతటా కరిగి వ్యాపించి ఉన్నది. పూర్వం చూసిన రేణువులు నమూనాను సిద్ధం చేసే విధానం వల్ల పుట్టినవి. సజీవ తంతువులో రిక్తికలు సన్నని గొట్టాలవలె సాగుతూ, ఒకదానితో ఒకటి కలుస్తూ కదలడం కూడా ఆ కాలంలోనే కనిపించింది. చూసినది ఉన్నదా, మనం చూసే విధానం సృష్టించినదా అన్న ప్రశ్న ప్రయోగశాలలో ప్రతి రోజూ వేసుకోదగినది. అందుచేతనే నేడు జీవకణాన్ని చంపకుండా పాలిఫాస్ఫేటును కొలిచే అయస్కాంత అనునాద పద్ధతికి అంత విలువ.

గొలుసు వేరు లోపలి ఆర్బస్క్యూల్‌కు చేరిన పిదప ఎంజైములు దానిని విడగొడతాయి. విడివడిన ఫాస్ఫేటు శిలీంధ్రాన్ని వదలి, రెండు జీవుల త్వచాల మధ్యనున్న అతి సన్నని ఎడంలోనికి వస్తుంది. అక్కడ మొక్క తన సొంత రవాణా ప్రోటీనుతో దానిని అందుకొంటుంది. ఆ ప్రోటీను మామూలు వేరు వాడేది కాదు. శిలీంధ్రంతో స్నేహం కుదిరినప్పుడే పని చేసేది. 2001లో బంగాళాదుంపలో, 2002లో మెడికాగో అనే చిన్న చిక్కుడు జాతి మొక్కలో దీనిని కనుగొన్నారు. 2007లో మెడికాగోలో ఈ ప్రోటీను పని చేయకుండా చేసి చూశారు. భాస్వరం ఆర్బస్క్యూళ్ళలోనే చిక్కుకొన్నది. అంతటితో ఆగలేదు, ఆర్బస్క్యూళ్ళు కాలం తీరకముందే క్షీణించి, సహజీవనమే కూలిపోయింది. సరుకు అందనిచోట మొక్క ఇల్లు అద్దెకివ్వదన్నమాట.

అద్దె అంటే ఏమిటి? మొక్క కిరణజన్య సంయోగక్రియలో సంపాదించిన కార్బనులో 4 నుండి 20 శాతం వరకు శిలీంధ్రానికి ఇస్తుందని అంచనా. అది చక్కెర రూపంలో వెళుతుందని చాలాకాలం అనుకొన్నారు. ఈ శిలీంధ్రానికి కొవ్వు ఆమ్లాలను మొదటినుండి తయారుచేసుకొనే ఎంజైము జన్యువులే లేవని దాని జన్యుపటం వెలువడిన తరువాత తెలిసింది. చక్కెరతో పాటు కొవ్వును కూడా మొక్కే వండి పెడుతున్నదని 2017లో పలు ప్రయోగశాలలు రుజువు చేశాయి. ఇంటికి వచ్చిన అతిథికి బియ్యమే గాక నూనె కూడా ఇచ్చి పంపుతున్నది.

ఇంత ఖర్చు ఉన్నందువల్లనే మొక్క లెక్క చూసుకొంటుంది. నేలలో భాస్వరం పుష్కలంగా దొరికినప్పుడు శిలీంధ్రాన్ని లోపలికి రానివ్వడం తగ్గిస్తుంది. భాస్వరపు ఆకలిని పసిగట్టే ప్రోటీన్లే శిలీంధ్రానికి తలుపు తీసే జన్యువులను కూడా నడుపుతున్నాయని 2021లో వరి మొక్కలో నిరూపించారు. ఏటేటా డి.ఏ.పి. కుమ్మరించిన మడిలో పొట్లంలోని శిలీంధ్రం ఎందుకు పని చేయదో ఇప్పుడు ఊహించవచ్చు.

దీనికి తోడు మరొక చిక్కు. 2003లో ఆస్ట్రేలియా, డెన్మార్కు శాస్త్రజ్ఞులు సాలీ స్మిత్, ఆండ్రూ స్మిత్, యాకబ్‌సన్‌లు అవిసె జాతికి చెందిన ఫ్లాక్స్, మెడికాగో, టమాటా మొక్కలను మూడు రకాల శిలీంధ్రాలతో పెంచారు. తంతువులు మాత్రమే దూరగల వల వెనుక రేడియో భాస్వరాన్ని ఉంచారు. టమాటాలో శిలీంధ్రం వల్ల పెరుగుదల ఏమీ హెచ్చలేదు. మామూలు దృష్టికి శిలీంధ్రం దండుగ. కాని లోపల చూస్తే, కొన్ని జతలలో మొక్క భాస్వరం దాదాపు అంతా శిలీంధ్రం ద్వారానే వచ్చింది. వేరు తన సొంత పనిని మానుకొని, ఆ భారాన్ని శిలీంధ్రానికి వదిలివేసింది. కనుక పైరు ఎత్తును మాత్రమే కొలిచి, శిలీంధ్రం పని చేసినదనీ, చేయలేదనీ తీర్పు చెప్పడం సాహసం.

మన ప్రాంతంలోనే జరిగిన పని కూడా ఉన్నది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో 1980 దశకంలో కృష్ణ, డార్ట్ ప్రభృతులు సజ్జపై జరిపిన పరీక్షలలో, శిలీంధ్రాన్ని స్వీకరించడంలో సజ్జ రకాల మధ్యనే గణనీయమైన భేదం ఉన్నట్లు తేలింది. అదే సంస్థ నుండి 1990లో వెలువడిన మరొక పరిశోధన ప్రకారం, ఎర్రనేలలో ఇనుముతో బిగుసుకొన్న భాస్వరాన్ని కంది వేరు తాను స్రవించే పిసిడిక్ ఆమ్లం, దాని వంటి ఆమ్లాలతో విడిపించుకోగలదు. పొట్లం మీద వ్రాసిన ఘనకార్యాన్ని మన పెద్దలు జొన్నలో అంతర పంటగా వేసే కంది నిజంగా చేస్తున్నదన్నమాట. దానికి ఎవరూ పొట్లం కట్టలేదు.

మా విద్యార్థికి మేము చెప్పిన జవాబు ఇది. శిలీంధ్రం నిజం, దాని పని నిజం. కాని అది భాస్వరాన్ని పుట్టించదు, ఉన్నదానిని దూరం నుండి తెస్తుంది. నేలలో ఎంత ఉన్నదో పరీక్ష చేయించకుండా ఎరువు పూర్తిగా మానవద్దు. తగ్గించి చూడదలిస్తే పొలంలో ఒక సాలు భాగాన్నే చూడండి. మీ నేలలో స్థానిక శిలీంధ్రం ఇప్పటికే ఉన్నదేమో ముందు చూద్దాం.

చూడటం కష్టం కాదు. వేరు ముక్కలను పది శాతం పొటాషియం హైడ్రాక్సైడులో వేడి చేసి, కడిగి, రంగు వేయాలి. 1970లో ఫిలిప్స్, హేమన్‌లు చెప్పిన ట్రిపాన్ బ్లూ హానికరమైనది, ఖరీదైనది కూడా. 1998 నుండి అందరికీ తెలిసిన సులువు మార్గం ఒకటి ఉన్నది. వినిగరులో కలిపిన మామూలు వ్రాత సిరా! మొదటిసారి మేము వేడి మీద అజాగ్రత్తగా వదలివేయడంతో జొన్న వేళ్ళు గంజి అయిపోయాయి. రెండవసారి నీలి కొమ్మలు కనిపించాయి. పక్కనే వేసిన ముల్లంగి వేరు అద్దంలా ఖాళీగా ఉన్నది. తరగతిలో అంత నిశ్శబ్దం మేము అరుదుగా విన్నాం.

రేడియో భాస్వరం మన కళాశాలకు అందేది కాదు, అనుమతి లేనిదే ముట్టరాదు. కాని మాలిబ్డినం నీలి రంగు పద్ధతిలో ఆకులలోని భాస్వరాన్ని కొలవడానికి ఒక కలరీమీటరు చాలు. సిద్ధబీజాలను మట్టి నుండి వేరుచేయడానికి మూడు సన్నని జల్లెడలు చాలు. మా శాఖ కోరికల పట్టికలో ఈ రెండూ ఉన్నాయని కళాశాల కమిటీ పెద్దలకు సవినయంగా మనవి చేసుకొంటున్నాం.

ప్రస్తుతం శాఖ వెనుక వరండాలో ఎనిమిది కుండీలు ఉన్నాయి. నాలుగింటిలో ఆ విద్యార్థి పొలం మట్టి యథాతథంగా, నాలుగింటిలో ఆవిరిలో ఉడికించిన అదే మట్టి. అన్నింటిలోనూ జొన్నే. ప్రతి జతలోనూ రెండేసి కుండీలకు పొట్లంలోని పొడి వేశాం. వంతుల వారీగా నీరు పోసే పని ద్వితీయ సంవత్సరం వారిది. నలభై ఐదవ రోజున వేళ్ళు కడుగుతాం.